మంచు కరిగినట్టు ధ్రువపత్రం

రేవుపట్నం జిల్లా ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి కొల్లూరి విశ్వంభరం గారు బల్గేరియా వెళ్ళొచ్చారు. ఎందుకు వెళ్ళారయ్యా అంటే, పంపించారు గనక వెళ్ళారు. ఆ ఏడు అధ్యయన యాత్రల కోసం స్పెయిన్, ఇటలీ, ఇంగ్లండు లాంటి దేశాలన్నిటినీ పై సంఘాల పెద్దలు పంచేసుకోగా, జిల్లాల వంతు వచ్చేసరికి గిన్నె అడుగున బల్గేరియా మిగిలింది. విశ్వంభరం గారు ముందు అది మ్యాపులో ఎక్కడుందో వెతుక్కున్నారు. దొరికాక, ఫుట్‌బాల్ భవిష్యత్తంతా అక్కడే ఉందని పత్రికల వాళ్ళకి చెప్పారు.

అక్కడ పది రోజులున్నారు. ఆ దేశపు మొదటి శ్రేణి లీగులో ఒక్క మ్యాచి చూశారు, అదీ చలికి తాళలేక సగం దాకానే. తిరిగొచ్చేటప్పుడు చేతికి ఎరుపూ తెలుపూ కలిపి పేనిన దారం, ఒంటి మీద మోకాళ్ళు దాటిన ఓవర్‌కోటు, సంచిలో ఆ లీగు ఏడాది పొడుగునా ఎలా నడుస్తుందో చెప్పే పుస్తకం తెచ్చుకున్నారు. విమానం దిగింది మార్చి నెల మిట్టమధ్యాహ్నం. అయినా కోటు విప్పలేదు. విప్పితే వెళ్ళొచ్చినట్టు ఎవరికి తెలుస్తుంది?

ఆ కోటుతో గాని, ఆ పుస్తకంతో గాని చోడిపల్లి ఎల్లాజీకి ఏ సంబంధమూ ఉండకూడదు, న్యాయానికి. ఎల్లాజీ గంగమ్మపేట జట్టు కెప్టెను. పగలు హార్బరు పక్కన ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు లాగుతాడు. సాయంత్రం బంతి ఆడతాడు. గోలు ముందు అతనికి బంతి దొరికితే అవతలి గోలీ దండం పెట్టుకోవడమే. జిల్లా లీగు గెలిచిన జట్టులో ఆడినట్టు ధ్రువపత్రం ఉంటే క్రీడాకోటాలో పోలీసు ఉద్యోగానికి అర్హత. గంగమ్మపేట రెండేళ్ళు వరసగా ఆఖరి మ్యాచిలో ఓడింది. వచ్చే మార్చి నెలాఖరుతో ఎల్లాజీకి వయసు దాటిపోతుంది. అంటే మిగిలింది ఒక్క సీజను. గెలిస్తే పోలీసు, లేకపోతే బతుకంతా ఐసు దిమ్మలు.

ఇదివరకు లీగంటే పెద్ద బ్రహ్మవిద్య కాదు. డిసెంబరు రాగానే ఎండ తగ్గేది, నేల గట్టిపడేది, సముద్రం మీంచి చల్లటి గాలి తిరిగేది. ఆరు జట్లూ ఆడుకునేవి, ఒకటి గెలిచేది, కప్పు ఇచ్చేసి ఎవరి పనికి వాళ్ళు పోయేవారు. ఇంత తేలిగ్గా జరిగే పనిని చూస్తే ఏ అధికారికైనా మనసు చివుక్కుమంటుంది.

జూన్‌లో సర్వసభ్య సమావేశం పెట్టారు. విశ్వంభరం గారు పంకా కింద కోటుతో నిలబడి ఉపన్యసించారు.

"ఇకమీదట మన లీగు బల్గేరియా మొదటి శ్రేణి లీగు నమూనాలో, అక్షరం పొల్లుపోకుండా, అంతర్జాతీయ ప్రమాణాలకు అనుగుణంగా నిర్వహించబడును. జూలైలో ఆరంభం. జట్ల స్థానాలను బట్టి మూడు గుంపులుగా విభజన. పైన ఛాంపియన్ల గుంపు, నడుమ ఐరోపా పోటీల కోసం పోరాడే గుంపు, అడుగున కింది శ్రేణికి జారే గుంపు."

"ఆరు జట్లకి మూడు గుంపులేటండీ?" అని వెనక నుంచి ఎవరో అన్నారు.

"గుంపుకి రెండు. లెక్క సరిపోయింది కదా?"

"మరి ఐరోపాకెలా ఎల్తామండి?"

ఆ ప్రశ్నకి ఆయన సిద్ధంగానే ఉన్నారు. ఐరోపా అనగా, సదరు నిబంధనల నిమిత్తం, యానాం అని భావించవలెనని చెప్పారు. అక్కడ ఒకప్పుడు ఫ్రెంచివారు ఉన్నారు గనక అభ్యంతరం ఉండదన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. కొట్టకపోతే మధ్యాహ్నం భోజనం ఆలస్యమయ్యేట్టుంది.

"డిసెంబరు రెండో వారం నుంచి శీతాకాల విరామం. మైదానం మంచుతో కప్పబడి ఉండు కారణమున ఆటలు నిషిద్ధం. మంచు కరిగినదని మైదాన తనిఖీ సంఘం ధ్రువీకరించిన మీదట, ఫిబ్రవరిలో పునఃప్రారంభం."

ఎల్లాజీ లేచి నిలబడ్డాడు. "సెక్రట్రీ గారూ, ఇక్కడ మంచు పడదు కదండి బాబూ?"

విశ్వంభరం గారు చిన్నపిల్లాడి కేసి చూసినట్టు చూశారు. "ఇక్కడ పడదయ్యా. నిబంధనలో పడుతుంది."

జూలైలో సీజను మొదలైంది. వానలకి మైదానం వరినాటుకి దమ్ము పట్టినట్టు తయారైంది. బంతి ఎక్కడ పడితే అక్కడే ఉండిపోయేది, దాన్ని పీకి మళ్ళీ ఆడేవారు. సెప్టెంబరులో వానలు వెలిసి ఉక్కపోత పట్టుకుంది. మ్యాచి మాత్రం మధ్యాహ్నం రెండింటికే. ఆ దేశంలో ఎండ దొరకడమే గగనం గనక ఆ వేళకి ఆడతారు, ఇక్కడ దొరికిన ఎండని ఎందుకు పారేసుకోవాలని కార్యదర్శి గారి వాదన. నడిమి విరామంలో నిమ్మకాయ నీళ్ళు రద్దయ్యాయి. బల్గేరియా పెరుగుకి పేరున్న దేశం గనక తలో గిన్నె గడ్డపెరుగు పెట్టారు. ఎండలో పరిగెత్తొచ్చి గిన్నెడు పెరుగు తింటే ఏమవుతుందో మన ఇళ్ళల్లో అందరికీ తెలిసిందే. రెండో సగంలో ఆటగాళ్ళు నిలబడే కునుకు తీసేవారు. ఒకసారి రిఫరీ గోలుపోస్టుకి ఆనుకుని గురక పెట్టాడు.

ఇన్నిటి మధ్యా గంగమ్మపేట గెలుస్తూనే వచ్చింది. కసిగా ఆడారు. గుంపులు విడగొట్టేసరికి ఛాంపియన్ల గుంపులో వాళ్ళూ, మిల్లుకాలనీ జట్టూ మిగిలారు. ఇద్దరే గనక ఒకరితో ఒకరు నాలుగుసార్లు ఆడాలి. మూడు మ్యాచిలయ్యాక గంగమ్మపేటకి ఒక్క పాయింటు ఆధిక్యం. నాలుగోది డ్రా చేసినా చాలు. ఎల్లాజీ మేనత్త రాములమ్మ, హార్బరులో చేపలమ్మేది, పోలీసు బట్టలు ఎక్కడ కుట్టిస్తారో వాకబు చేయడం మొదలెట్టింది.

అప్పుడు డిసెంబరు రెండో వారం వచ్చింది.

ఎంత చక్కని రోజులనుకున్నారు! నేల ఎండి పలకలా ఉంది. సాయంత్రాలు గాలి ఒంటికి హాయిగా తగులుతోంది. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టు, మైదానం గేటుకి తాళం పడింది. 'హిమపాతము వలన ఆటలు నిలిపివేయబడినవి' అని బోర్డు వేలాడింది. కాపలావాడు సన్నాసికి ఉన్ని స్వెట్టరు, కోతిటోపీ, చేతి తొడుగులు ఇచ్చారు. పాపం వాడు చెమటకి కరిగి సగమయ్యాడు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, మంచు తోడటానికి వెడల్పాటి పారలు కూడా వచ్చాయి. వాటిని ప్రారంభించడానికి ఒక సభ జరిగింది. ఎల్లాజీ వాళ్ళు రోడ్డు మీద లారీల మధ్య బంతి ఆడుకుంటూ రోజులు లెక్కపెట్టారు.

ఫిబ్రవరి నడిమికొచ్చింది. గేటు తెరుచుకోలేదు. ఎల్లాజీ సంఘం ఆఫీసుకి వెళ్ళాడు. మైదాన తనిఖీ సంఘం అధ్యక్షుడు పట్నాల కామేశం గారు, రిటైరైన ఇంజనీరు, బల్ల ముందు దిగులుగా కూర్చుని ఉన్నారు.

"మంచు కరిగినట్టు సంతకం పెట్టమంటున్నారు, ఎల్లాజీ. కరగాలంటే ముందు పడాలి కదా? పడనేలేదే."

"పడనేదు గావట్టి నేల బాగానే ఉంది గదండి. ఆడీసుకుంతాం."

"ఎలా కుదురుతుందయ్యా? నిబంధన ఏమన్నది? మంచు కరిగిన పిమ్మట అన్నది. మంచు లేనప్పుడు అనలేదు." ఆయన గొంతు తగ్గించారు. "నా సర్వీసులో ఒకే ఒక్కసారి, కట్టని వంతెన కట్టినట్టు రాశాను. అది ఇప్పటికీ ఎంక్వయిరీలో నడుస్తోంది. మళ్ళీ ఆ పాపం చెయ్యను. ఇప్పుడు నేను నిజాయితీపరుణ్ణి."

ఎల్లాజీ కార్యదర్శి గారి గదిలోకి పరిగెత్తాడు. విశ్వంభరం గారు సాంతం విని, కామేశం గారి నిజాయితీని మెచ్చుకున్నారు. అటువంటి అధికారులున్నంత కాలం సంఘానికి ఢోకా లేదన్నారు.

"మార్చి దాటితే నా వయసైపోద్ది బాబూ. ఒక్క మేచ్చి. ఒక్క పూట గేటు తియ్యండి. మీ కాళ్ళట్టుకుంతాను."

"నీ బాధ నాకు అర్థమైంది. సానుభూతితో పరిశీలించడమైనది," అన్నారాయన. "మంచు పడనివ్వు, వెంటనే చర్య తీసుకుంటాం."

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్న మాట వట్టిదేం కాదు. ఎల్లాజీ హార్బరుకొచ్చి మేనత్త గంప పక్కన కూలబడ్డాడు.

"ఏటిరా ఎల్లిగా, ఆ మొకం? వల తెగిపోయినోడినాగ!" అంది రాములమ్మ కోనెం చేప మీద ఐసు సర్దుతూ. వాడు చెప్పిందంతా విని, చేతిలో ఉన్న ఐసు వాడి ఒళ్ళో పడేసింది. "ఓరి నీ తెలివి తగలెయ్యా! మంచు నేదంతావేటిరా? పొద్దున్లేత్తే దీన్లోనే గదరా సేతులెట్టుకు సత్తన్నాం!"

"ఐసూ మంచూ ఒకటేటే అత్తా?"

"నీకూ నాకూ కాదు. ఆల్లకి ఒకటే. తెల్లగుంతాది, సల్లగుంతాది, కరిగిపోతాది. ఇంకేటి గావాల?"

ఎల్లాజీ ఒళ్ళో ఉన్న ఐసుకేసి చూశాడు. ఇన్నాళ్ళూ తను వదిలించుకుందామనుకున్నది అదే. ఇప్పుడు అదే తనని గట్టెక్కించాలి. వాడికి నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి.

మార్చి మొదటి తేదీ తెల్లారేసరికి పేటంతా కదిలింది. ఫ్యాక్టరీ యజమాని తనూ ఒకప్పుడు ఆ జట్టుకి ఆడినవాడే గనక దిమ్మలిచ్చాడు, ఐసు నలిపే మిషనూ ఇచ్చాడు. ఆడా మగా చేపల గంపలతో మోశారు. మైదానమంతా పరచాలంటే సముద్రమే గడ్డకట్టాలి గనక, గేటులోంచి కనబడే మేరకి పరిచారు. ఆటలు వద్దన్నారు గాని ఐసు వద్దనలేదు గనక కాపలావాడు సన్నాసి తాళం తీసి, జన్మలో మొదటిసారి, స్వెట్టరు వేసుకున్నందుకు సంతోషించాడు.

కబురందుకుని సంఘం సభ్యులు జీపు దిగారు. ఉదయపు ఎండలో మైదానం తెల్లగా మెరిసిపోతోంది. విశ్వంభరం గారి కళ్ళు చెమ్మగిల్లాయి. కోటు బొత్తాములన్నీ పెట్టుకున్నారు. "అచ్చం అక్కడిలాగే ఉంది," అన్నారు.

కామేశం గారు వంగి పిడికెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నారు. "వాసనొస్తోందండీ. ఇందులో రొయ్య తల కూడా ఉంది."

"తీరప్రాంతపు మంచు కదా," అన్నారు కార్యదర్శి గారు.

ఎల్లాజీ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "పడింది కదండి బాబూ. మజ్జాన్నానికి కరిగిపోతాది. సంతకం పెట్టీయండి."

"తొందరెందుకు? హిమపాతం నమోదైన నాటి నుంచి మూడు రోజుల పరిశీలన వ్యవధి ఉంటుంది. నాలుగో రోజు తనిఖీ. నిర్ధారణ అయిన వెంటనే మ్యాచి." అని విశ్వంభరం గారు జేబులోంచి దారాల పొట్లం తీశారు. మార్చి ఒకటిన అక్కడి వాళ్ళు ఎర్ర తెల్ల దారాలు కట్టుకుంటారని, కొంగ కనబడేదాకా విప్పరని, కొంగ వస్తే చలికాలం పోయినట్టని వివరించి, ఆటగాళ్ళందరికీ స్వయంగా కట్టారు. ఫొటోలు దిగారు. గంగమ్మపేటలో కళ్ళు తెరిస్తే కొంగలే. కానీ సాయంత్రం దాకా విప్పితే బాగుండదని ఎవరూ తలెత్తి చూడలేదు.

పది గంటలకల్లా ఐసు నీరైంది. నీరు ఇంకిపోయింది. గంపలకి అంటుకుని వచ్చిన చేపల పొలుసులూ, రొయ్య తలలూ, నలిగిన కవళ్ళ చేపలూ మాత్రం గడ్డిలో ఉండిపోయాయి. వాటి సంగతి ఎవరికీ తట్టలేదు, కొంగలకి తప్ప.

నాలుగో రోజు పొద్దున్న సంఘం సభ్యులు మళ్ళీ వచ్చారు. లోపలంతా బురదగా ఉంటుందని గేటు దగ్గరే ఆగిపోయారు. కామేశం గారు కళ్ళజోడు సర్దుకుని చూశారు. మైదానం ఈ చివర నుంచి ఆ చివరి దాకా తెల్లగా ఉంది.

"కరగలేదే," అన్నారు. "పైగా పెరిగింది."

ఎల్లాజీ ముందుకొచ్చాడు. "అయి కొంగలండి బాబూ!"

హార్బరులో ఉన్న కొంగలన్నీ అక్కడికే తరలివచ్చాయి. వందలకి వందలు, మెడలు ముడుచుకుని, ఇసకేస్తే రాలకుండా నిలబడి ఉన్నాయి.

విశ్వంభరం గారి ముఖం గంభీరమైంది. "ఎల్లాజీ, ఆలోచించి మాట్లాడు. కొంగలని నువ్వంటే సరా? కొంగ కనబడితే దారాలు విప్పాలి. దారాల కార్యక్రమం ఏప్రిల్ దాకా మంజూరైంది. ముగింపు సభకి ముఖ్య అతిథిని కూడా పిలిచాం. అంచేత ఏప్రిల్ లోపల ఈ జిల్లాలో కొంగ కనబడటానికి వీల్లేదు."

"మరి అయ్యి ఏటండి?"

"మంచు."

"మంచుకి కాళ్ళుంతాయేటండి బాబూ!"

కామేశం గారు కాళ్ళని గమనించడానికి ప్రయత్నించారు. అంత దూరం నుంచి కాళ్ళను ధ్రువీకరించలేనన్నారు. ఎల్లాజీ ఇక ఆగలేదు. చంకలో ఉన్న బంతిని కింద పెట్టి, రెండడుగులు వెనక్కి వేసి, గేటు మీదుగా మైదానం నడిబొడ్డులోకి తన్నాడు. ఏడాది ఉక్రోషమంతా ఉంది ఆ తన్నులో. బంతి పడింది. మైదానం మైదానమంతా ఒక్కసారిగా పైకి లేచింది, రెక్కలు కొట్టుకుంటూ వాళ్ళ తలల మీదుగా సముద్రం వైపు వెళ్ళిపోయింది. కింద ఆకుపచ్చటి గడ్డి మిగిలింది.

"సూసేరా!" అని అరిచాడు ఎల్లాజీ. "ఇప్పుడు నేదు గదా! రాయండి!"

కామేశం గారు కార్యదర్శి గారి ఓవర్‌కోటు మీద పడిన రెట్టని రుమాలుతో తుడిచి, కలం తీశారు. ఆయన నిజాయితీపరుడు గనక చూసింది చూసినట్టే రాశారు. 'మైదానమందలి మంచు కరగలేదు. ఎగిరిపోయినది.' కింద ఇంకో వాక్యం చేర్చారు. 'ఎగిరిపోయిన మంచును గూర్చి నిబంధనలలో ప్రస్తావన లేనందున, స్పష్టత కొరకు బల్గేరియాకు వ్రాయదగును.'

రాశారు. జవాబు రాలేదు. మార్చి నెల ఒక్కో రోజే జారిపోయింది. ఎల్లాజీ రోజూ వెళ్ళి ఆఫీసు మెట్ల మీద కూర్చునేవాడు. ఆఖరి రోజున ఆఫీసు మూసే వేళకి లేచి, ఐసు ఫ్యాక్టరీకి నడిచి వెళ్ళి, దిమ్మకి కొక్కెం తగిలించి లాగాడు. ఆ రాత్రి రాములమ్మ అన్నం పెట్టి, వాడు తినకపోతే, కార్యదర్శి గారి ఏడు తరాలనూ వీధిలో నిలబడి తిట్టింది. పాపం ఆ తరాలేం చేశాయి గాని, ఆవిడకి ఇంకెవరు దొరుకుతారు?

జూన్‌లో జవాబొచ్చింది. 'మా దగ్గర మంచు పడితే ఊడ్చేసి ఆడతాం. మీ దగ్గర పడదంటున్నారు, అదృష్టవంతులు. హాయిగా ఆడుకోండి.' విశ్వంభరం గారు రెండుసార్లు చదివి పక్కన పడేశారు. "వాళ్ళ నిబంధనలు వాళ్ళకే తెలిసినట్టు లేదు," అన్నారు. ఆయన పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. సీజను మాత్రం ముగియలేదు. ముగిసినట్టు ప్రకటించాలంటే ముందు విరామం ముగియాలి.

ఆగస్టులో ఎల్లాజీకి సంఘం నుంచి పిలుపొచ్చింది. వెళ్తే కార్యదర్శి గారు కూర్చోమన్నారు. కొత్తగా ఒక ఉద్యోగం మంజూరైందన్నారు. మంచు నిర్వహణ సహాయకుడు. పర్మనెంటు పోస్టు. ఆ రంగంలో నిపుణులు జిల్లాలో అరుదు గనక వయోపరిమితి లేదు. మంచును కురిపించుటయందును, ఎగురగొట్టుటయందును పూర్వానుభవం ఉండవలెను.

ఎల్లాజీ కుర్చీలోంచి లేచాడు. "అంటే, అది ఐసని మీకు తెల్సునా బాబూ?"

"నాకు ముక్కు లేదనుకున్నావా?"

"కొంగలని కూడా తెల్సునా?"

"తెలియడం వేరు, నమోదు కావడం వేరు," అన్నారు విశ్వంభరం గారు ప్రేమగా. "రేపటి నుంచి రా."

వాడు ఆ మనిషిని కొడదామనే అనుకున్నాడు. కానీ ఇంటికొచ్చి చెప్తే రాములమ్మ కళ్ళ నీళ్ళు పెట్టుకుని, "నెలయ్యేసరికి జీతం. ముసిలోడివైతే పింఛను. అయ్యి నీకు సేదా? ఉజ్జోగం ఉజ్జోగమేరా నాయనా," అంది. ఎల్లాజీ తన చేతులకేసి చూసుకున్నాడు. ఐసుకి వేళ్ళు మొద్దుబారి, చర్మం తెల్లగా పగిలిపోయి ఉన్నాయి. మర్నాడు వెళ్ళి చేరాడు.

మళ్ళీ డిసెంబరు వచ్చింది. నేల పలకలా ఎండింది, సాయంత్రం గాలి హాయిగా తిరుగుతోంది. గంగమ్మపేట జట్టు బంతి పట్టుకుని గేటు దగ్గరికొచ్చింది. లోపల కుర్చీలో స్వెట్టరు, కోతిటోపీ వేసుకుని కొత్త కాపలావాడు కూర్చున్నాడు. సన్నాసి పోస్టు కూడా మంచు నిర్వహణ పోస్టులోనే కలిపేశారు.

"ఒరే ఎల్లాజీ, నువ్వేట్రా! తలుపు తియ్యరా. ఒక్కాటాడీసి ఎల్లిపోతాం. సూడు, నేలెంత బాగుందో!"

నేల ఎంత బాగుందో ఎల్లాజీకి ఒకరు చెప్పాలా? పొద్దుట్నుంచీ దాన్నే చూస్తూ కూర్చున్నాడు. కాలి బొటనవేలు బూటులో తనంతట తనే కదులుతోంది. తాళంచెవి జేబులోనే ఉంది. తీశాడు కూడా. వెనక ఆఫీసు కిటికీలో ఓవర్‌కోటు కదిలింది. ఎల్లాజీ తాళంచెవి మళ్ళీ జేబులో వేసుకున్నాడు.

"మంచు పడతన్నాదిరా. ఎల్లిపొండి," అన్నాడు.

వాళ్ళు ఆకాశంకేసి చూశారు. ఒక్క మబ్బు తునక లేదు. "ఎక్కడరా పడతన్నాది?"

ఎల్లాజీ కోతిటోపీని చెవుల కిందికి లాక్కున్నాడు. "ఇక్కడ కాదురా. నిబంధనలో."